పై కొస

ఆయన్ని అందరూ "మెల్లగా తాత" అంటారు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు దింపేటప్పుడు ఆయన నోట వచ్చే మొదటి మాటా చివరి మాటా ఆ "మెల్లగా"నే. బీరువాని మెట్ల మీదుగా దింపాలంటే కొడుకు కింది కొస పట్టుకుని వెనక్కి నడవాలి. అతనికి మెట్టు కనబడదు. పై కొస పట్టుకున్న నాన్న చెప్పినప్పుడే కాలు వేయాలి. ఇన్నేళ్ళలో ఆ పై కొస ఒక్కసారి కూడా కొడుక్కి ఇవ్వలేదు ఆయన.

ఆ రోజు ఆసుపత్రి మూడో అంతస్తులో డాక్టరమ్మ అడిగింది. "ఇవాళ ఏ వారం తాతా?"

"పనికి పోని వారం" అన్నాడు.

ఆవిడ నవ్వింది గానీ, తర్వాత కొడుకునీ కోడలినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది మతిమరుపు జబ్బు, మందులు వాడినా తగ్గేది కాదు, పోనుపోను ముదురుతుంది.

లిఫ్టు పనిచేయడం లేదు. రెండు మెట్లు దిగి ముసలాయన ఆగిపోయాడు. కాలు కదలదు. వెనక జనం పోగయ్యారు.

"రండి మామయ్యా, ఏం కాదు" అంది కోడలు.

"రాకేం. మెట్లన్నీ ఒకటే అయిపోయి కనబడుతున్నాయమ్మా."

"భుజానేసుకుని దింపెయ్యవయ్యా" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

కొడుకు వంగబోయి ఆగాడు. జీవితమంతా సామాన్లు దింపిన మనిషిని సామానులా దింపడానికి అతనికి చేతులు రాలేదు.

అప్పుడు నాన్నే అన్నాడు. "ఒరే, నువ్వు పైనే ఉండు." మెట్లకేసి వీపు తిప్పి, రెండు చేతులూ చాచి, లేని బీరువా కింద వేళ్ళు పెట్టాడు. "పట్టుకో. ఇకనుంచి నువ్వు చెప్పు."

కోడలు గబగబా కింది మెట్టు మీదికి వెళ్ళి కాచుకుంది. వెనకాయన కిసుక్కున నవ్వాడు. కొడుక్కి మాత్రం నవ్వు రాలేదు. వీపు వెనక ఏముందో తెలియకుండా, ఒక గొంతుని నమ్మి కాలు గాల్లో పెట్టడమంటే ఏమిటో అతనికి తెలుసు. ఆ గొంతు తనదవుతుందని ఏనాడూ అనుకోలేదు.

అతనూ చేతులు చాచాడు. "అడుగు..."

"ఏంట్రా ఆ నసుగుడు? గట్టిగా చెప్పు."

"మెల్లగా. అడుగు. ఇంకోటి. ఆగు, మలుపు. కుడికి తిప్పు, గోడ తగులుద్ది."

ముసలాయన భుజం తిప్పాడు. ఎదురొచ్చేవాళ్ళు నిజంగానే ఏదో పెద్ద బరువు దిగుతున్నట్టు గోడకి అతుక్కుని దారిచ్చారు. నవ్వినాయన కూడా వెనకే ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నాడు. అడుగున చివరి మెట్టు దాకా ముసలాయన ఎక్కడా తడబడలేదు.

ఆయన మోకాళ్ళు వంచి ఖాళీ చేతుల్ని నేలకి ఆనించాడు.

"గీత పడలేదుగా?"

"ఎక్కడా పడలేదు నాన్నా" అన్నాడు కొడుకు, చాచిన చేతులు ఇంకా దించకుండానే.