చల్లటి చోట విప్పిన బూట్లు

నా కాళ్ళకున్న ఈ గుడ్డకట్లు చూసి, హిమాలయాల మంచులో సత్యవతి టీచరు కాళ్ళు పాడైపోయాయని స్టాఫ్‌రూమంతా చెప్పుకుంటున్నారట. సైన్సు మాస్టారైతే వేళ్ళన్నీ ఉన్నాయా లేవా అని వాకబు కూడా చేశారట. అన్నీ ఉన్నాయి మాస్టారూ. ఆ టీ గ్లాసు ఇలా ఇచ్చి కూర్చోండి, అసలు సంగతి చెబుతాను. చెప్పాలంటే నాకే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఈ వేసవి సెలవుల్లో కొండలెక్కే శిక్షణకని నేనూ, పోలమ్మా వెళ్ళాం కదా. పోలమ్మ నాలాగే డ్రిల్లు టీచరు, పాతపట్నం స్కూల్లో. పుట్టి పెరిగింది భావనపాడులో, వలల మధ్యన. అప్పటిదాకా మేమిద్దరం మంచు అంటూ చూసింది సోడాకొట్టులో రంపప్పొట్టు కింద దాచిన ఐసు గడ్డే. అలాంటివాళ్ళం రైళ్ళూ బస్సులూ మారి కులూ వైపు పోయి, పంట్లాలు తొడుక్కుని, నడుముకి తాడు కట్టుకుని నిలబడ్డాం.

మాకు నేర్పే ఆయన్ని అందరూ ఉస్తాద్‌జీ అంటారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. శిక్షణ చివర్లో ఆయనొక పరీక్ష పెట్టాడు. ఒక రాతికొండని ఎలా ఎక్కాలో మేమే ప్లాన్ వెయ్యాలి. అది తప్పితే పాసు లేదు, సర్టిఫికెట్టు లేదు. వినడానికి సులువుగానే ఉంది గానీ, మే నెలాఖరైనా అక్కడ మంచు పూర్తిగా పోదు. రాళ్ళు తేలి ఎండిపోతాయి, వాటి కిందా సందుల్లోనూ మాత్రం మంచు పేరుకుని ఉంటుంది. అది పొద్దున్నే గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి కాలు దిగబడిపోతుంది. ఏ రాయి ఎక్కాలి, మంచు ఏ వేళకి దాటాలి, ఏ వేళకి తిరిగి రావాలి, ఇదీ లెక్క.

మా జట్టులో ముగ్గురం. నేను, పోలమ్మ, ఒక బెంగాలీ అమ్మాయి. నాయకురాలిని నేనే. ఉస్తాద్‌జీ దగ్గర దుర్భిణీ తీసుకుని కొండనంతా గాలించి, పొద్దుటి ఎండ తగిలే పొడిరాయిని ఎంచాను. తెల్లవారకముందే బయల్దేరి, గట్టి మంచు మీద బరువు బూట్లతో నడిచి, రాతి మొదట్లో వాటిని విప్పి కాన్వాసు బూట్లు తొడుక్కుని, ఎక్కి దిగి, మళ్ళీ బరువు బూట్లేసుకుని మధ్యాహ్నం లోపల మంచు దాటెయ్యాలి. ఉస్తాద్‌జీ విని "షాబాష్" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను భూమికి జానెడు పైన నడిచాను.

అనుకున్నట్టే రాతి మొదటికి చేరాం. అప్పటికే రాతి మీద ఎండ పడింది. ఉస్తాద్‌జీ తన బూట్లు రెండూ తాళ్ళతో ముడేసి వీపుకి తగిలించుకుని, మాకు తాడు బిగించడానికి ముందుగా పైకి పోయాడు. అది చూసి నాకు నవ్వొచ్చింది.

"ఇక్కడికి బూట్ల దొంగలెవులొస్తారే?" అన్నాను పోలమ్మతో.

"ఆయన సంగతి సరే. మనవెక్కడెట్టాలి సెప్పు," అంది తను, ఎండ పడుతున్న బండ మీద తన బూట్లు పెట్టబోతూ.

నేను రాతి మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగా ఉంది. అంతే, నాలోని నరసన్నపేట మనిషి నిద్ర లేచింది. మే నెల్లో ఎండలో బండ మీద చెప్పులు వదిలితే ఏమవుతుందో నాకు తెలియదా?

"అక్కడెట్టీకే. ఎండెక్కితే పెనంలాగ కాలిపోతాది. ఇలగ మంచు మీదెట్టు, సల్లగుంటాయి."

నాయకురాలి మాట కదా, ఇద్దరూ విన్నారు. రాతిని ఆనుకుని ఉన్న మంచు అంచున ముగ్గురి బూట్లూ వరసగా పెట్టాం. పెళ్ళివారింటి ముందు విప్పినంత ముచ్చటగా ఉన్నాయి.

ఎక్కడం హాయిగా సాగింది. పైన కూర్చుని మా అమ్మ కట్టిచ్చిన జీడిపప్పు పాకం తిన్నాం. దిగేటప్పుడు ముందు నేను దిగాను. తాడు పట్టుకుని, పొద్దున నిలబడ్డ మంచు కోసం కాలు చాపాను. కాలికేమీ తగల్లేదు. కిందికి చూసి కొయ్యబారిపోయాను. రాతిని ఆనుకుని ఉన్న మంచు కరిగి వెనక్కి పోయింది. రాతికీ మంచుకీ మధ్య నూతిలాంటి సందు. అడుగున నీళ్ళ చప్పుడు. ఒక్క బూటు మాత్రం అంచున నాలిక వేలాడేసుకుని నాకేసి చూస్తోంది. మిగిలినవేవీ లేవు.

"ఏటే, ఆగిపోనావు?" అని పైనుంచి పోలమ్మ.

"బూట్లు నేవే!"

"నేవంటే? దొంగలెవులూ రారన్నావు కదే?"

ఉస్తాద్‌జీ దిగి చూశాడు, తాడు సాయంతో మమ్మల్ని సందు దాటించి మంచు మీదికి చేర్చాడు. కోప్పడలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. కాన్వాసు బూట్లతో ఆ ఏటవాలు మంచు మీద జారితే కింద ఉన్నవి బండలే. సర్టిఫికెట్టు సంగతి దేవుడెరుగు, నా తెలివి వల్ల ఈ ఇద్దరి కాళ్ళూ చేతులూ విరిగితే వాళ్ళ ఇళ్ళల్లో ఏం చెప్పను? నాకు ఏడుపొచ్చేసింది. నిజంగానే ఏడ్చాను.

పోలమ్మ మాత్రం ఉస్తాద్‌జీ మంచుగొడ్డలి అడిగి తీసుకుంది. దాని పిడిని తాడుకి కట్టి, సందు అంచున బోర్లా పడుకుని, చేపకి గాలం వేసినట్టు లోపలికి వదిలింది. మేం ఆవిడ కాళ్ళు పట్టుకున్నాం. ఒక్కొక్క బూటూ నీళ్ళు కారుతూ పైకొచ్చింది. చివరికి లేచి మంచు దులుపుకుంది.

"అయిదున్నాయి. ఒకటి నీల్లల్లో కొట్టుకుపోనాది."

"ఎవర్దే?"

"సల్లగుండాలన్నోల్లది."

అలా ఒక కాలికి తడిబూటు, ఇంకో కాలికి కాన్వాసు బూటు మీద మంకీ క్యాపు లాగి తొడుక్కుని ఆ మంచు దాటాను. ఉస్తాద్‌జీ నన్ను తన తాడుకే కట్టుకుని, గొడ్డలితో మెట్లు చెక్కుతూ ముందు నడిచాడు. శిబిరానికి చేరాక, మంచు మీద ఎందుకు పెట్టావని అడిగాడు. మా ఊళ్ళో ఎండకి రాయి కాలిపోతుందని నా వచ్చీరాని హిందీలో చెప్పాను.

"బేటీ, రాయి కాలుతుందని నీకు తెలుసు. మరి దాన్ని ఆనుకున్న మంచు ఏమవుతుందనుకున్నావు?"

పాసు మాత్రం చేశాడు. "ప్లాన్ బాగుంది. బూట్ల విషయంలో ఇకమీదట నీ మాట నువ్వు వినకు," అన్నాడు.

ఆ మాట మనసులో పెట్టుకుని క్షేమంగా ఇల్లు చేరాను. కాళ్ళు రెండూ భేషుగ్గా ఉన్నాయి. అవునండీ, అప్పటికి ఈ కట్లు లేవు. మొన్న మిట్టమధ్యాహ్నం మా మేనత్త ఇంటికి భోజనానికి వెళ్ళాను. వాకిట్లో నీళ్ళ గోలెం ఉంది.

"సెప్పులు గోలెం పక్కని నీడలో ఇప్పవే, సల్లగుంటాది," అంది అత్త.

"వద్దత్తా. చల్లటి చోటు సంగతి నాకు బాగా తెలిసొచ్చింది," అని, గుమ్మం ముందు మండుటెండలో ఉన్న బండ మీద చెప్పులు విప్పి లోపలికి గెంతాను. తిన్నాం, మంచు కబుర్లన్నీ చెప్పాను, ఒక కునుకు కూడా తీశాను. తర్వాత బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టి, కెవ్వుమని వాటిలోంచి బండ మీదికి దూకాను. బండ మీంచి మళ్ళీ చెప్పుల్లోకి.

"ఓలమ్మో, మంచుకొండల్లో బాగున్న కాల్లు నా గుమ్మంలో బొబ్బలెక్కిపోనాయే!" అని అత్త ఒకటే గోల.

నవ్వండి, నవ్వండి. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఈసారి నా చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి.