లేదని చెప్పిన సత్తువ

ఆమెకు 'రాకెట్' అని పేరు పెట్టింది పందేలు చూసినవాళ్ళు కాదు. కట్టుడు పళ్ళు తయారుచేసే లాబ్‌లో ఆమె యజమాని పెట్టాడు, అదీ వెక్కిరింతగా. మైనంలో గుచ్చిన పళ్ళ వరస సరిచూడటం, సెట్టు తయారయ్యాక దాని అంచులు అరగదీసి నునుపు చేయడం ఆమె పని. ఒక్కో సెట్టు పట్టుకుని అరపూట కూర్చునేది.

"వచ్చిందయ్యా మన రాకెట్! ఆ పెద్దాయన బతికుండగా పళ్ళు చేతికొస్తాయంటావా?" అనేవాడు యజమాని.

"తొందరపడి ఇచ్చామనుకోండి, చిగుళ్ళు కోసుకుపోయి మన మీదకే వస్తాడు. కరవడానికి పళ్ళు కూడా మనమే ఇచ్చి ఉంటాం," అనేది ఆమె. లాబ్ అంతా నవ్వేది.

ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని పనిచేసేది. చదువుకునే రోజుల్లో ఒక సాయంత్రం వాన మొదలవుతుంటే, డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి పరిగెత్తి, పిట్టగోడ లేని వైపు జారిపడింది. వెన్నెముక దెబ్బతింది. రొమ్ము కింది నుంచి ఒళ్ళు తనది కాకుండా పోయింది. బట్టలు తెమ్మని పంపింది అక్క. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అక్క కూడా ఎత్తలేదు. కానీ ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచి పొద్దున్నే చెల్లెలి మంచం పక్కన చాప పరిచి కూర్చునేది. వ్యాయామం నేర్పే ఆయన చూపించినవన్నీ చేయించేది. పక్కకు దొర్లించడం, భుజాలు లేపించడం, పొట్ట బిగించమనడం.

"బొడ్డు లోపలికి లాగవే."

"లాగుతున్నా."

"ఏదీ, కనపడదే!"

"లోపల లాగుతున్నానక్కా. బయటికెలా కనపడుతుంది?"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. నిజానికి అక్కడ ఏమీ కదిలేది కాదు. అయినా అక్క మానలేదు. తన పెళ్ళయిన మర్నాడు కూడా చాప పరిచింది. కొత్త అల్లుడు గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి, "ఇది రోజూ ఉంటుందా?" అన్నాడట. "రోజూ ఉంటుంది," అందట అక్క. బావ ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.

లాబ్ ఉన్న వీధి ఏటవాలుగా ఉంటుంది. సాయంత్రం పని ముగించుకుని ఆమె కుర్చీ మీద ఆ వాలున సైకిళ్ళను దాటుకుంటూ దూసుకుపోతుంటే, ఒకరోజు ఎదురుగా వస్తున్న ఒక పెద్దమనిషి చూశాడు. ఆయన పరుగుపందేల కోచ్. కుర్రతనంలో తనూ పరిగెత్తాడు. దేశం దాటి వెళ్ళే అవకాశం ఒక్కసారి వచ్చి, మోకాలు జారడంతో పోయింది. ఆ దుగ్ధ ఆయన్ని వదల్లేదు. మర్నాడే లాబ్‌కి వచ్చి, యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఆమెకు సాయంత్రాలు సెలవు ఇప్పించాడు.

పందెం బండి మామూలు కుర్చీలా ఉండదు. వెనక వాలుగా రెండు పెద్ద చక్రాలు, ముందుకు చాచిన ముక్కు చివర ఒక చిన్న చక్రం. కాళ్ళు మడిచి కింద దోపుకుని, ముందుకు వంగి, గట్టి చేతితొడుగులతో చక్రాల పక్కనున్న రింగుల్ని గుద్దుతూ పోవాలి. మొదటి నెలల్లో ఆమె బొటనవేళ్ళు వాచి లాబ్‌లో పళ్ళు పట్టుకోలేకపోయేది. తర్వాత చేతులు రాటుదేలాయి. తర్వాత గెలవడం మొదలైంది. ఊళ్ళో, రాష్ట్రంలో, చివరికి దేశంలో. ప్రపంచమంతటి నుంచి వికలాంగ క్రీడాకారులు వచ్చే పెద్ద ఆటలకు ఎంపికైందని తెలిసిన రోజు, యజమాని లాబ్ మూసేసి అందరికీ ఐస్‌క్రీం తెప్పించాడు. "నేను పెట్టిన పేరే," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఈ పందేల్లో అందరూ కలిసి పరిగెత్తరు. ఒంట్లో ఎవరికి ఎంత సత్తువ మిగిలిందో డాక్టర్లు చూసి విభాగాలు చేస్తారు. పొట్ట, నడుము పనిచేయనివాళ్ళు ఒక విభాగం. కాళ్ళు మాత్రమే పోయి నడుము నిలబడేవాళ్ళది దానికి పై విభాగం. నడుము ఊతం ఉన్నవాళ్ళు ప్రతి గుద్దుకూ పైకి లేచి దిగుతారు. వాళ్ళ వేగమే వేరు. ఆమెది కింది విభాగం. అందులో ఆమె పతకానికి దగ్గర్లో ఉంది.

ఆటలు జరిగే నగరానికి చేరాక, మరోసారి పరీక్ష ఉంటుందన్నారు. ముందురోజు ఫలహారాల హాల్లో కోచ్ ఆమె ఎదురుగా కూర్చుని, చెంచాతో బల్ల మీద గీతలు గీస్తూ ఉన్నాడు.

"అమ్మాయీ, ఈమధ్య నీ పొట్టలో ఏమన్నా తెలుస్తోందా?"

ఆమెకు కొన్ని నెలలుగా తెలుస్తోంది. పొద్దున అక్క బిగించమన్నప్పుడు లోపల ఎక్కడో దారం లాగినట్టు ఉంటోంది. బండి మలుపు తిరిగేటప్పుడు ఒళ్ళు కొంచెం నిలబడుతోంది. పూర్తిగా నమ్మకం కుదిరాక చెబుదామని అక్కకు కూడా చెప్పలేదు.

"కొంచెం, సార్."

"నేను చూస్తూనే ఉన్నా." కోచ్ గొంతు తగ్గించాడు. "రేపు డాక్టర్లు పొట్ట మీద చెయ్యి పెట్టి నెట్టమంటారు. నువ్వు మరీ పంటి బిగువున నెట్టక్కర్లేదు. నేను అబద్ధం చెప్పమనట్లేదు. ఊరికే ఉండు, అంతే."

"అది తప్పు కదా సార్?"

"పై విభాగంలో నువ్వు ఆఖరున వస్తావు. అంతకాడికి ఇంత దూరం ఎందుకొచ్చాం?"

ఆమె పళ్ళెం పక్కకు జరిపింది. సరే అనలేదు, కాదనలేదు.

పరీక్ష గది తెల్లగా, చల్లగా ఉంది. డాక్టరు నడివయసు ఆవిడ. పక్కన దుబాసీగా ఒక అమ్మాయి. డాక్టరు తన రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబెట్టుకుని మరీ ఆమె పొట్ట మీద చెయ్యి ఆనించింది. ఇన్నేళ్ళలో ఎందరో డాక్టర్లు ముట్టుకున్నారు, చేతులు వెచ్చబెట్టుకున్నవాళ్ళు లేరు.

"నా చేతిని నెట్టండి," అంది దుబాసీ.

ఆమె పైకప్పు వైపు చూస్తూ ఊపిరి బిగబట్టింది. నెట్టలేదు. లోపల కండరం తనంతట తాను లేవబోతే, దాన్ని పడుకోబెట్టింది. ముఖం మాత్రం కష్టపడుతున్నట్టు పెట్టింది.

డాక్టరు చెయ్యి తీసింది. మెల్లగా భుజం తట్టి, "ఫర్వాలేదు," అంది. ఆ ఒక్క మాటకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. విభాగం మారలేదు, కానీ మొదటి పందెంలో కూడా గమనిస్తామని, అప్పటిదాకా ఏదీ ఖాయం కాదని చెప్పారు. బయట కోచ్ రెండు చేతులూ పైకెత్తి నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

మొదటి పందెం రోజు స్టేడియం నిండిపోయింది. అంతమంది అరుపు ఆమె ఎప్పుడూ వినలేదు. అది చెవులకు కాదు, బండి గొట్టాల్లోంచి మోకాళ్ళ మీదుగా వచ్చినట్టనిపించింది. మోకాళ్ళకు ఏమీ తెలియదు కదా అని తర్వాత తనే అనుకుంది. తుపాకీ పేలింది. మొదటి మలుపు దాటాక అందరూ లోపలి గీత వైపు ఒరిగారు. ఆమె నాలుగో స్థానంలో ఉంది. చేతులు తప్ప ఏదీ వాడకూడదని మనసులో అనుకుంటూ గుద్దుతోంది.

ఆఖరి మలుపులో ముందున్న ఇద్దరి చక్రాలు ఒకదానికొకటి రాసుకున్నాయి. ఒక బండి బోల్తాపడింది. ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి నేల మీద, సరిగ్గా ఆమె దారిలో పడింది. ఆలోచించే వ్యవధి లేదు. ఆమె నడుము గిర్రున మెలితిరిగింది. పొట్ట బిగిసింది. బండి ముక్కు లేచి పక్కకు పడి, ఆ అమ్మాయి తలను జానెడు దూరంలో తప్పించుకుని ముందుకు పోయింది. మూడోదిగా గీత దాటింది. ఫైనల్‌కు అర్హత.

కోచ్ పరిగెత్తుకొచ్చాడు. కానీ ఆమె బండిలో అలాగే వంగి, తన పొట్ట మీద తొడుగు చెయ్యి పెట్టుకుని ఉంది. ఇక లేవడనుకున్న మనిషి లేచొచ్చి పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకు. సంతోషం వచ్చింది. దాని వెనకే భయం వచ్చింది.

సాయంత్రం పిలుపు వచ్చింది. అదే గది, అదే డాక్టరు. తెర మీద పందెం ఆపి చూపించారు. ఆమె నడుము మెలితిరిగిన చోట బొమ్మ నిలిపారు. ఎవరూ గొంతు పెంచలేదు. డాక్టరు మళ్ళీ చేతులు రుద్దుకుంది, మళ్ళీ పొట్ట మీద ఆనించింది.

"నెట్టండి."

ఈసారి ఆమె నెట్టింది. ఉన్నదంతా పెట్టి నెట్టింది. డాక్టరు చెయ్యి పైకి లేచింది. ఆవిడ ముఖం ఒక్క క్షణం విచ్చుకుంది. రోగికి బాగైతే డాక్టరుకు కలిగే సంతోషం అది, దాచుకోవడం ఆవిడకు తెలియలేదు. ఆ తర్వాతే తన పని గుర్తొచ్చినట్టు కుర్చీలో వెనక్కి కూర్చుంది.

"మొన్న ఎందుకు నెట్టలేదు?"

ఆమె నోరు తెరిచేలోగా కోచ్ అందుకున్నాడు. "ప్రయాణ బడలిక మేడమ్. రెండు విమానాలు మారి వచ్చింది. ఒళ్ళు తెలియని స్థితిలో ఉంది."

దుబాసీ చెప్పింది. డాక్టరు కోచ్ వైపు చూడలేదు. ఆమె వైపే చూస్తూ ఉండిపోయింది, ఒక్క మాట కోసం. కావాలని దాచానని చెబితే నిషేధం పడుతుంది, తనకూ, ఆయనకూ. ఆమె తల దించుకుంది. చివరికి డాక్టరు కాగితం మీద ఏదో రాసి మూసేసింది. ఆ రోజు పందెం లెక్కలోకి రాదు. ఇకనుంచి పై విభాగం. అంతే.

కారిడార్‌లో కోచ్ గోడకు ఆనుకుని, "ఆ అమ్మాయిని గుద్దేసినా బాగుండేది," అన్నాడు. అన్న వెంటనే ముఖం తిప్పుకున్నాడు. తనేమన్నాడో తనకే వినపడినట్టుంది. ఆమె చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయింది.

పై విభాగం పందెంలో ఆమె ఆఖరున వచ్చింది. ఆఖరున అంటే, మిగతావాళ్ళు హెల్మెట్లు తీసి నీళ్ళు తాగుతుండగా వచ్చింది. స్టేడియం అంతా లేచి చప్పట్లు కొట్టింది. పాపం అని కొట్టే చప్పట్లు అవి. గెలిచినమ్మాయికి కూడా అంత కొట్టలేదు. ఆమెకు చెవులు మూసుకోవాలనిపించింది, కానీ చేతులు రింగుల మీద ఉన్నాయి.

ఇంటికి ఫోను చేసింది. అక్క ఎత్తింది.

"అక్కా, పై విభాగంలోకి మార్చారు. నా పొట్ట పనిచేస్తోందట."

అవతల అక్క ఏడుపు, దాని వెనక బావ కంగారుగా "ఏమైంది? పడిందా?" అనడం, అక్క ఏడుస్తూనే "పనిచేస్తోందట, పొట్ట, డాక్టర్లే చెప్పారట!" అని అరవడం, ఎవరో పక్కింటివాళ్ళ గొంతులు. పందెం ఏమైందని ఎవరూ అడగలేదు. ఆమె ఫోను పట్టుకుని వింటూ ఉంది. అంత సంతోషంలో తనకు చోటు లేనట్టుంది.

ఇంటికి వచ్చిన వారం దాకా ఓర్చుకుంది. ఒక పొద్దున అక్క చాప పరుస్తుంటే చెప్పేసింది. డాక్టరు మొదటిసారి నెట్టమంటే నెట్టలేదని, కావాలనే లేనట్టు నటించానని.

"కోచ్ సార్ చెప్పాడు కానీ, చేసింది నేనే అక్కా. నిషేధం వేస్తారేమోనని తర్వాత కూడా నోరెత్తలేదు."

పోటీలో మోసం చేశావా అని అక్క తిడుతుందనుకుంది. అక్కకు పోటీ పట్టలేదు.

"ఎప్పటి నుంచి తెలుస్తోంది నీకు?"

"కొన్ని నెలల నుంచి."

"నాకు చెప్పలేదు."

"గట్టిగా తెలిశాక చెబుదామని…"

"పొద్దున్నే రోజూ ఇక్కడే కూర్చున్నా కదే. ఒళ్ళు బాగోకపోయినా కూర్చున్నా. ఎప్పుడు కదులుతుందా అని నీ పొట్ట వైపు చూస్తూ కూర్చున్నా. అది వస్తే, నాకు చెప్పలేదు సరే, ఎవరో డాక్టరు అడిగితే లేదన్నావా?"

అక్క గొంతు పెంచలేదు. చాప చుట్టి గోడకు ఆనించి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు వ్యాయామం లేదు. మర్నాడూ లేదు. ఆమె ఒక్కతే మంచం మీద పడుకుని పొట్ట బిగించేది. బిగిసేది, వదిలేది. చూసేవాళ్ళు లేకపోతే అది ఎవరిదో అన్నట్టుండేది.

కోచ్‌తో కూడా తెగిపోయింది. పెద్దగా గొడవేమీ జరగలేదు. ఆయన ఇంకో అమ్మాయిని తయారుచేయడం మొదలుపెట్టాడు. మైదానంలో ఎదురుపడితే, "బాగున్నావా?" అంటాడు, "బాగున్నా సార్," అంటుంది. ఆయన లేకపోతే తను ఆ వాలు వీధి దాటి ఉండేది కాదని ఆమెకు తెలుసు. అందుకే కోపం కూడా పూర్తిగా రాదు. డాక్టరు మాత్రం అప్పుడప్పుడూ కళ్ళ ముందుకు వస్తుంది. లాబ్‌లో చలిగా ఉన్న పొద్దుల్లో ఎవరైనా చేతులు రుద్దుకుంటే, ఆమె తల తిప్పుకుంటుంది.

పై విభాగంలో రాణించడం వట్టిమాట అని అందరూ అన్నారు. ఆమె మానలేదు. బావ బండి సీటు ఎత్తు మార్చి, నడుము కదలడానికి చోటు ఇచ్చాడు. కొత్త కండరం చిన్నపిల్లలాంటిది, కాసేపటికే అలిసిపోతుంది. అయినా దాన్ని వెంట తీసుకుని తిరిగింది.

ఆ ఏడు చివర్లో ఊరి మైదానంలో పోటీ జరిగింది. అక్క ఎన్నడూ పోటీలకు వచ్చిన మనిషి కాదు, చూడలేననేది. ఆ రోజు బావ వెనకే వచ్చి కంచె పట్టుకుని నిలబడింది. ఆమె చివరి నుంచి రెండోదిగా వచ్చింది. బండి ఆపి, తొడుగులు తీసుకుని, కంచె దగ్గరికి వచ్చేసరికి బావ నీళ్ళ సీసా అందించాడు. అక్క చప్పట్లు కొట్టలేదు, బాగా చేశావనీ అనలేదు.

"నీ ముందు పోయిన పిల్ల ఉంది చూడు, గుద్దేటప్పుడు నడుముతో సహా కిందికి దిగుతోంది. నువ్వు సగంలో ఆగిపోతున్నావు."

"భయమేస్తోందక్కా, వెన్ను పట్టేస్తుందని."

"భయం వేస్తుంది," అంది అక్క. "అలవాటు చేసుకోవాలి."

క్షమించానని అక్క ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఈమె అడగలేదు. ముగ్గురూ ఎండ తగ్గేదాకా అక్కడే ఉండి, మిగిలిన పందేలు చూశారు.