పంటు మీద పెరిగిన పూచీ

మా ఆవిడ అన్నగారి కొబ్బరి పీచు కంపెనీ ముందు ఆ వేళ ఊరంతా మూగిందనీ, నేను గోడెక్కి "కంపెనీ అప్పంతా నాదే!" అని గర్జించాననీ చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. గోడ ఎక్కలేదు. ఊరూ రాలేదు. పీచు తీసే కొబ్బరి డొక్కలు తోలుకొచ్చిన నలుగురు రైతులు, పాత బాకీ తీర్చందే బండ్లు దించమని నిలబడ్డారు. మా బావ లోపల మొహం చెల్లక కూర్చున్నాడు. "ఈ నాలుగు బండ్ల సొమ్మూ కంపెనీ ఇవ్వకపోతే నేనిస్తానండీ," అన్నాను. అంతే.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కినప్పుడల్లా ఆ మాట నా నోట్లో పెరిగింది. నరసాపురం ఒడ్డు చేరేసరికి నాలుగు బండ్లు నలభై అయ్యేవి. తిరిగొచ్చేసరికి కంపెనీ అప్పంతా నా నెత్తిన ఉండేది. "అబ్బో, మీరున్నారంటే ఇంకేమండీ!" అనేవారు పంటు మీది రైతులు. ఆ "అబ్బో" కోసం ఇంకాస్త కలిపేవాణ్ణి.

ఎనభైల మొదట్లో కంపెనీకి తాళం పడింది. మా బావ కనబడకుండా పోయాడు. మర్నాటి నుంచి మా అరుగు నిండా రైతులే. ఎవరూ కేకలెయ్యలేదు. "తొందరేం లేదండీ, మీరున్నారని ధైర్యం," అనేవారు. తిడితే తిరిగి తిట్టేవాణ్ణి. మర్యాదకి ఏం జవాబు చెప్పను? నాకున్నదల్లా ముప్పాతిక ఎకరం కొబ్బరితోట. మా తిండీ, పిల్లల చదువూ దాని మీదే.

అమలాపురం ప్లీడరుగారి దగ్గరికి పరిగెత్తాను.

"కాగితం ముక్క లేదండీ. సంతకం లేదు. ఉత్త నోటిమాట," అన్నాను, అప్పుడే గెలిచినట్టు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అప్పుకి పూచీ పడడానికి మన చట్టంలో నోరు చాలండీ. కాగితం ఉంటే రుజువు తేలిక, అంతే. విన్నవాళ్ళున్నారా?"

"పంటు నిండా ఉన్నారండీ."

"అయితే మీరొక్కరూ ఎందుకొచ్చేరండీ, పంటునే తీసుకురావలసింది!" అని నవ్వి, గొంతు తగ్గించారు. "అనలేదని చెప్పి చూడండి. రుజువు చేసుకోవలసింది వాళ్ళే."

నాకు చేతకాలేదు. ఇంటికొచ్చి, అరుగు మీదే చెప్పేశాను. "నేను పూచీ పడ్డది నాలుగు బండ్లకేనండీ. మిగతావన్నీ పంటు మీద కోసిన కోతలు."

ఒకాయన ఫక్కున నవ్వేడు. "ఊరుకోండి! కోతలు ఇప్పుడు కోస్తున్నారు."

ఆనాటి నలుగురిలో పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఆయ్, నాలుగేనండీ. నేనక్కడే ఉన్నాను," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన పక్కవాళ్ళ వైపు చూశాడు. "కానండీ, వీళ్ళు కంపెనీకి తోలడం మానేద్దామనుకున్నారు. పంటు మీద మీ మాట విన్నాకే మళ్ళీ తోలేరు."

నేను లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఆ క్షణమే తోట అమ్మి ఇచ్చేశానని మా పిల్లలతో చెబుతుంటాను. అబద్ధం. వేసవంతా, ఆ అప్పుతో నాకేం సంబంధం అంటూ తిరిగాను. వాళ్ళు వీధిలో కనబడితే దొడ్డిదారిన జారుకున్నాను. రాత్రిళ్ళు లేచి తోటలోకి వెళ్ళి, చెట్టు చెట్టుకీ చెయ్యానించి నిలబడేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ అరుగు మీదికి మజ్జిగ పట్టుకెళ్ళి, నిండు గ్లాసులతోనే వెనక్కి వచ్చింది.

"పుచ్చుకోలేదండీ," అంది. "దాహంగానే ఉన్నారు. మన సంగతి తేలేదాకా మనింట్లో ఏదీ వద్దనుకున్నారట."

నేను చొక్కా తొడుక్కుని, మా తోట కొంటానని లోగడ అడిగినాయన ఇంటికి నడిచాను.