డిఫరెన్షియల్ చల్లారేదాకా

కార్లు బాగుచేసే ఓపిక మేస్త్రీకి ఉన్నది ఒక్కటే పిచ్చి. కారు వెనక చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్‌లో కొత్త గేర్లు వేశాడంటే, అవి అయిదు వందల కిలోమీటర్లు నెమ్మదిగా తిరిగి ఒకదానికొకటి అలవాటు పడేదాకా బండిని వదలడు. ఇరవై నిమిషాలు నడపాలి, గంటసేపు చల్లార్చాలి, మళ్ళీ నడపాలి. నడిపేది యజమాని, పక్కన కూర్చునేది మేస్త్రీ.

“కొత్త కాపురమండీ. మొదట్లో వేడెక్కనిస్తే జీవితాంతం సణుగుడే” అనేవాడు, చావు కబురు చెబుతున్నంత గంభీరంగా.

ఒకసారి అలా చల్లార్చడానికి ఆపినప్పుడు, ఒక లాయరు గారు కోర్టుకు వేళ మించిపోతోందని నడిరోడ్డు మీద చిందులు తొక్కారు. మేస్త్రీ కారు కిందకి దూరి, డిఫరెన్షియల్ పెట్టె మీద చెయ్యి ఆనించి, తాపీగా బయటికొచ్చాడు.

“ఇంకా వేడిగానే ఉంది. మీరు బస్సెక్కండి.”

“కారు నాదయ్యా!”

“గేర్లు నావి.”

లాయరు గారు నల్లకోటు భుజాన వేసుకుని బస్సెక్కారు. వాదించి ఓడిపోవడం ఆయనకు కొత్తేమీ కాదు.

అలాంటి మేస్త్రీ చేతిలో పడింది టాక్సీ నడిపే ఒకావిడ. భర్త కాలు విరిగి మంచాన పడితే, స్టీరింగు తను పట్టుకుంది. మూడో రోజే ఆసుపత్రి దగ్గరి ఎత్తు మీద బండి వెనక్కి జారింది. కంగారులో ఇంజను రెచ్చగొట్టి క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. వెనక ఫట్‌మని గేరు పళ్ళు విరిగాయి. అప్పటినుంచి స్టీరింగు ముట్టుకుంటే చాలు, చేతుల్లో వణుకు. బడి తెరిచే సోమవారం నుంచి ఆరుగురు పిల్లల్ని ఆ ఎత్తు మీదుగానే తీసుకెళ్ళాలి. ఆ పని పోతే ఇల్లు గడవదు.

“మీరే నడిపి ఇచ్చేయండి బాబాయ్” అంది.

“నా కాలు బరువమ్మా. గేర్లకి నీ కాలే అలవాటవ్వాలి. కూర్చో.”

మొదటిరోజు ఎదురుగా సైకిలొచ్చినా కళ్ళు మూసుకుని బ్రేకు తొక్కింది. మేస్త్రీ సైకిలు దాటిపోయేదాకా ఆగి “పోనీ” అన్నాడు. వేగం నలభై దాటినప్పుడు మాత్రం గొంతు సవరించుకునేవాడు. ఆగినచోట గంటసేపు గేర్ల మంచిచెడ్డలు చెప్పేవాడు. ఆమె ఆవలించేది.

అయిదు వందలయ్యాయి. ఆయిల్ మార్చాడు.

“ఇక ఇచ్చేయండి బాబాయ్.”

“ఇంకో మూడొందలు.”

“ఎందుకట?”

“మొండి గేర్లు. కొన్ని పెళ్ళిళ్ళంతే.”

ఆదివారం నాడు షెడ్డుకొచ్చిన లాయరు గారు ఈ సంగతి విని నోరు వెళ్ళబెట్టారు. “ఎనిమిది వందలా? నన్ను అయిదొందలకే వదిలేశాడే!”

ఆమెకు ఒళ్ళు మండింది. మేస్త్రీని కార్లో ఎక్కించుకుని బయల్దేరింది.

“తెల్లారితే బడి. నేనెంత హడావుడిలో ఉన్నానో తెలుసా మీకు? లాయరుకో లెక్క, నాకో లెక్కా?”

“ఆ బస్సు వెనక ఆపు.”

ఆపింది. “ఆడదాన్నని అలుసా?”

“బస్సు కదిలింది. పోనీ.”

“పోనిస్తున్నాగా! మాట మార్చకండి. మీ చాదస్తానికి అంతూ పొంతూ ఉందా?”

“ఉంది. ఇప్పుడెక్కడున్నామో చూడు.”

ఆమె వెనక దారి కనిపించే అద్దంలోకి చూసింది. ఆసుపత్రి ఎక్కడో దిగువన ఉండిపోయింది. తను ఎత్తు మధ్యలో ఆగి, మళ్ళీ కదిలి, పైకి వచ్చేసింది. బండి అంగుళం కూడా జారలేదు. చేతులు చూసుకుంది. వణకడం లేదు.

అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ ముసలాయన మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

“గేర్లు ఎప్పుడు కుదురుకున్నాయి బాబాయ్?”

“అయిదొందలకే.”

“మరి మొండివన్నారు?”

మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ, అంతే గంభీరంగా అన్నాడు. “నీ భయం ఇంకా తీరలేదంటే బండి వదిలేసి ఇంటికి పోయేదానివి. అందుకే తప్పు ఇనుము మీదికి నెట్టాను. ఇనుము ఏమీ అనుకోదులే.”