మిరప కల్లంలో ముఖ్యమంత్రి హత్య

మంగళగిరిలో మా ఫ్లాటు వంటింట్లో ఎండుమిరపకాయలు వేగుతున్నాయి. ఇప్పటి కుర్రవాళ్ళు తప్పక చూడాల్సిన పాత రాజకీయ థ్రిల్లర్ల గురించి రాయమని ఆదివారం అనుబంధం వాళ్ళు అడిగితే, కుర్చీల కోసం జరిగిన కుట్రలన్నీ గుర్తుచేసుకుంటూ కూర్చున్న నాకు ఆ ఘాటుకి తుమ్ములొచ్చాయి. తుమ్ముల వెనకే ప్రత్తిపాడు దగ్గర మా ఊరి మిరప కల్లం, అక్కడ మా మేనత్త సుశీల చెప్పిన ఒక సినిమా వచ్చాయి.

పత్తి తీతలు అయిపోయి ఎండ ముదురుతున్న రోజుల్లో కల్లమంతా ఎర్రగా పరుచుకుని ఉండేది. నడిస్తే కాయలు గలగలమనేవి. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు బిగించి, బారులుగా కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరేవారు. మధ్యాహ్నం చద్దన్నంలోకి గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ నంజుకునేవారు. పిల్లలం ఎండుకాయల్ని గిలక్కాయల్లా ఆడించి, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుని లబలబలాడేవాళ్ళం. తాతయ్య గుంజకు ఆనుకుని, వెలిగించని చుట్ట నములుతూ ఆకాశం వంక చూసేవాడు.

సినిమా చూసొచ్చినవాళ్ళు మర్నాడు కల్లంలో కథ చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. దేవుడి సినిమాలూ ఏడుపు సినిమాలూ ఎవరైనా చెప్పేవారు, రాజకీయ హత్యలు మాత్రం మా అత్తే చెప్పాలి. మంత్రుల గొంతులు మార్చి, నీళ్ళ గ్లాసు ఎవరు అందించారో, తలుపు చాటున ఎవరు దగ్గారో చెబుతుంటే కాయలేరే వేళ్ళు వాటంతటవే కదిలేవి.

ఆ సినిమాకి నన్నూ తీసుకెళ్ళింది. అసెంబ్లీలో ప్రసంగిస్తూ ముఖ్యమంత్రి కుప్పకూలిపోతాడు. అల్లుడా, సెక్రటరీయా, చంపిందెవరని ఒక విలేకరి వెతుకుతుంటే సాక్షులు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. రెండు ఊళ్ళ డేరా హాళ్ళకు ఒకటే సినిమా పెట్టె. అక్కడ ఆడిన రీలు సైకిలు మీద ఇక్కడికి రావాలి. ఆ సాయంత్రం చివరి రీలు రాలేదు. దారిలో సైకిలు చెడిందట. రేపు ఇదే టిక్కెట్టుతో రమ్మన్నారు. హంతకుడెవరో తెలియకుండానే ఇంటికొచ్చాం.

తెల్లారేసరికి సముద్రం వైపు మబ్బు పట్టింది. కప్పడానికి పట్టాలు చాలవు. తడిస్తే కాయ నల్లబడుతుంది, తాతయ్య ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. వాన పడేలోపు ఏరి, బస్తాలకెత్తి కొట్టంలో వేయాలి. ఊరంతా మనుషుల కోసం పరుగులు పెడుతోంది. అత్త మిరప గుట్ట ముందు కూర్చుని కథ ఎత్తుకుంది.

"అల్లుడే చంపుంటాడు. అల్లుళ్ళని నమ్మకూడదు," అంది కోటమ్మ, మా పనివాళ్ళలో పెద్దది.

"అంత తెలివుంటే మామ పంచన ఎందుకు పడుంటాడే!" అంది పక్కనున్న మార్తమ్మ. కల్లమంతా నవ్వింది. చేతులు మాత్రం ఆగలేదు.

ఇంతలో పక్క కల్లం రైతు గట్టు మీదికొచ్చి, "కోటమ్మా, సగం మందినన్నా ఇటు పంపవే!" అని కేకేశాడు. తాతయ్య నోట్లో చుట్ట కదలడం మానేసింది.

"ఉండవయ్యా! ముఖ్యమంత్రిని చంపిందెవురో తేలకుండా ఎట్టా వస్తాం?" అంది కోటమ్మ.

"గుట్ట అయితేగానీ చెప్పను," అంది అత్త. తెలియని సంగతిని అంత ధీమాగా దాచిపెట్టిన మనిషిని, నలభై ఏళ్ళు పత్రికల్లో పనిచేసినా, మళ్ళీ చూడలేదు.

చివరి బస్తా కొట్టంలోకి చేరుతుండగా చినుకులు మొదలయ్యాయి. అందరూ చూరు కిందికి చేరి అత్త మొహంలోకి చూశారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "శవం దగ్గర అందరికన్నా ఎక్కువ ఏడ్చిందెవరు?" అంది.

"సెక్రటరీ!" అని అరిచింది మార్తమ్మ. "ఓరి నీ దొంగేడుపు పాడుగాను!" అంటూ కోటమ్మ మెటికలు విరిచింది. తాతయ్య అప్పుడు చుట్ట వెలిగించాడు.

ఆ తర్వాత విలేకరినై చాలామంది నాయకుల చావుల దగ్గర నిలబడ్డాను. ప్రతిచోటా ఎక్కువ ఏడ్చేవాళ్ళ కోసం నా కళ్ళు వెతికేవి. ఆ చూపు అత్త పెట్టిన భిక్షే.

ఆ సినిమా ఈమధ్య ఫోనులో దొరికింది, చివరిదాకా చూశాను. డేరాలు పోయాయి. కల్లాల్లో ఇప్పుడు ఎవరి చెవుల్లో పాట వాళ్ళది. ఆ ఆడవాళ్ళలో చాలామంది లేరు. ఆగలేక అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, అసలు చంపిందెవరో తెలుసా?"

"చెప్పమాకు," అంది వెంటనే. "మర్నాడు ఆ టిక్కెట్టుతో మళ్ళీ వెళ్ళొచ్చుగా, ఎందుకు పోలేదనుకున్నావురా? వేరే ఎవరో అయితే కోటమ్మ మొహం ఎట్టా చూసేది?"

నేను చెప్పలేదు. అనుబంధానికి రాసిన వ్యాసంలో మొదట ఆ సినిమానే పెట్టాను. చివరి పావుగంట ముందు ఆపి, హంతకుడెవరో ఇంట్లోవాళ్ళంతా కూర్చుని తేల్చుకోమని రాశాను.