రేకుల చావిడి విలువ

బీకాం చదివిన కోడలు వచ్చిందని మా అత్తగారు సంతలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆ పొగడ్త నా నెత్తికెక్కింది.

డెబ్బైల్లో సంగతి. అరకు సంత వీధిలో మాదో కిరాణా కొట్టు. మామగారు పోయాక అత్తగారే నడిపేవారు. మా ఆయనది రైల్వే ఉద్యోగం, కొట్టు గోల ఆయనకి పట్టేది కాదు. ఇక నన్ను పట్టుకునేదెవరు? వచ్చిన నెలకే నోటు పుస్తకం తీసి కాటా, కిరసనాయిలు డ్రమ్ము, బీరువా, సరుకు, అన్నిటికీ విలువ కట్టాను. ఏడాది అమ్మకాన్ని ఆ మొత్తంతో భాగిస్తే, ఆస్తి మీద పెట్టిన ఒక్కో రూపాయి ఎన్ని రూపాయల అమ్మకం తెస్తోందో తెలుస్తుంది. మాకు మూడు వచ్చింది. నాలుగు చేసి చూపిస్తానన్నాను.

నా కన్ను కొట్టు పక్కనున్న రేకుల చావిడి మీద పడింది. మామగారు వేయించినది. రేకులకీ దూలాలకీ బాగానే ఖర్చయింది గానీ అందులో చిటికెడు ఉప్పు కూడా అమ్మేవాళ్ళు కాదు. సంత ముందురోజు మధ్యాహ్నం కొండ మీది ఊళ్ళ వాళ్ళు నూనెకి ఆడించే వలిసె గింజల మూటలతో, పసుపుతో దిగివచ్చి అక్కడే బస చేసేవారు. మూడు రాళ్ళ పొయ్యి మీద చోడి అంబలి కాచుకునేవారు. వాళ్ళలో ఒక ముసలామె, 'గుంటా' అని పిలుచుకునే మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చేది. ప్రతిసారీ నాకోసం కొంగున అల్లం కొమ్ము ముడేసుకుని తెచ్చేది.

ఆ చావిడికి గోడ కట్టించి, అరలు వేసి, అల్యూమినియం గిన్నెలు పెడదామన్నాను.

"అదేటమ్మా! ఆల్లు పడుకోడానికని మీ మావగారు ఏయించినారు" అన్నారు అత్తగారు.

"వాళ్ళేమైనా ఇస్తున్నారా అత్తయ్యా?"

నా దగ్గర పుస్తకం ఉంది కనక నేనే గెలిచాను.

గోడ లేచిన వారమే వాన. ముసలామె నెత్తిన మూటతో కొత్త గోడ ముందు తడుస్తూ నిలబడింది. "మా వల్ల ఏటైనా తప్పు జరిగిందా అమ్మా?" అని అడిగింది. అదేం లేదు, సరుకు పెట్టుకున్నామన్నాను. అక్కడితో ఊరుకోక, గిన్నె ఒకటి చేతిలోకి తీసి కొంటావా అని అడిగాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఏడాది తిరిగాక మళ్ళీ భాగించాను. మూడు కాస్తా రెండైంది. గిన్నెలు అరల్లోనే ఉన్నాయి. చావిడిలో పడుకున్నవాళ్ళు సంత ముగించుకుని వెళ్తూ ఉప్పూ కిరసనాయిలూ గుడ్డా మా దగ్గరే కొనేవారు. ఇప్పుడు వీధి చివరి కొట్టువాడు వాళ్ళకి తన వసారా ఇచ్చాడు, వాళ్ళు అక్కడే కొంటున్నారు. పుస్తకంలో చావిడి పేరుకెదురుగా రాబడి సున్నా అని రాసిన చెయ్యి నాదే.

పుస్తకం అత్తగారి ముందు పెట్టి ఏడ్చాను. ఆవిడ చదవలేదు. కూలీని పిలిపించి గోడ పడగొట్టించారు, నేల అలికించారు, మూడు రాళ్ళూ తెచ్చి తన చేత్తో పెట్టారు. సంత ముందురోజు ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం.

కొండవాళ్ళు మా ముందునుంచే వెళ్ళారు. పలకరించారు, నవ్వారు, ఆగలేదు. ముసలామె ఒక్కతే మూట దించి, చావిడిలో కూర్చుని, అత్తగారిచ్చిన మంచినీళ్ళు తాగింది. పొయ్యి రాళ్ళకేసి చూసింది. ఈ రాత్రికి ఇక్కడే ఉండమని నేను బతిమాలాను.

"మా గుంట అక్కడ పొయ్యి ముట్టించేసినాదమ్మా" అంది మెల్లిగా, వీధి చివరి వసారాకేసి చూపిస్తూ, నా మనసు నొచ్చుకుంటుందేమోనని. ఆ రోజు ఆమె కొంగున ముడి లేదు.

ఆమె వెళ్ళాక అత్తగారు మంచినీళ్ళ చెంబు కడిగి బోర్లించారు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.