ఆషాఢంలో కొత్త కీబోర్డు

అక్షరానికి తలకట్టును కంప్యూటరే పెట్టెయ్యడమేమిటని నా గొడవ. నారాయణగూడలో టైపు నేర్చుకున్న రోజుల నుంచి నేను అక్షరానికి ఒక బటన్, తలకట్టుకు ఇంకో బటన్ కొడుతూ వచ్చినవాణ్ణి. చిక్కడపల్లిలో ఒక పెళ్ళికార్డుల డీటీపీ షాపులో పని నాది. అక్కడ నా కీబోర్డు మీద అక్షరాలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. వేరేవాళ్ళు దాని ముందు కూర్చుంటే తెల్లమొహం వేసేవారు. అదో గర్వం నాకు.

పక్క కుర్చీలో ఆవిడ ఇన్‌స్క్రిప్ట్ అనే కొత్త పద్ధతి కీబోర్డు మనిషి. వాళ్ళది గుంటూరు వైపు. లినక్స్ తప్ప ముట్టదు. ఆమె ‘క’ కొడితే తలకట్టుతో సహా వచ్చి నిలబడుతుంది.

“ప్రాణానికి సుఖంగా లేదూ, అన్నయ్యా?” అనేది.

వండి వడ్డించేవాళ్ళుంటే అన్నీ సుఖమేనమ్మా అనేవాణ్ణి. నా పాత విండోస్‌ను ఆమె మ్యూజియం అనేది, ఆమె లినక్స్‌ను నేను ఆశ్రమం అనేవాణ్ణి. 

ఆషాఢం మొదట్లో నా మిషన్ చచ్చింది. రిపేరు చేసే అతను మూత తీసి, చూసి, మళ్ళీ మూసి, “దీని సామాన్ దొరకదన్నా” అన్నాడు. నా కన్నా పదేళ్ళు చిన్నవాడైన మా ఓనరు ఆ వారమే దాని చోట పక్కావిడ దాంట్లాంటిదే ఇంకొకటి పెట్టించాడు. నా పాత తెలుగు సాఫ్ట్‌వేరుకు అందులో చోటు లేదు. ఇక నేనూ ఇన్‌స్క్రిప్టే కొట్టాలి.

“శ్రావణంల పెండ్లిళ్లు షురూ అయితయన్నా. అప్పటిదాంక నేర్చుకో. రాకుంటే ఆ కుర్చీల వేరేటోల్లను కూసోబెట్టాలె. ఏం అనుకోకు” అన్నాడు.

అనుకోకుండా ఎలా ఉంటాను? ఇరవై ఎనిమిదేళ్ళ కుర్చీ. ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు? భయమేసింది. పైకి మాత్రం, అదెంత పని అన్నాను.

పక్కావిడ నేర్పుతానంది. ఆమె దగ్గర నేర్చుకుంటే ఆశ్రమంలో చేరినట్టే కదా! అందుకని అశోక్ నగర్‌లో ఒక టైపు సెంటర్లో చేరాను. చుట్టూ సర్కారు కొలువులకు చదివే పిల్లలు. మొదటి రోజే ఒక అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

“అంకుల్, మీరు ఏ పోస్టుకు ప్రిపేర్ అయితున్నరు?”

“నా పోస్టుకే” అన్నాను.

“నోటిఫికేషన్ ఎప్పుడు పడ్డది అంకుల్?” అని పాపం పెన్ను తీసింది.

గుణింతాలన్నీ ఎడమచేతికట, హల్లులు కుడిచేతికట. నా కుడిచెయ్యి ససేమిరా అంది. ఇంట్లో క్యాలెండర్ వెనక కీబోర్డు గీసుకుని వేళ్ళాడిస్తుంటే మా ఆవిడ దాని మీదే దోసెల పళ్ళెం పెట్టింది. హల్లులు సగం నూనెలో కలిశాయి.

శ్రావణం వచ్చింది. కవాడిగూడ నుంచి ఒక పెద్దాయన మనవరాలి పెళ్ళికార్డు కోసం వచ్చి నా పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. ఓనరు ఫోన్లో టైము చూస్తూ నా వెనక నిలబడ్డాడు.

మా దగ్గర పెళ్ళికార్డు ఎవరూ మొదటి నుంచి కొట్టరు. పాత కార్డు తెరిచి పేర్లు మారుస్తాం. నా పాత కార్డులన్నీ పక్కావిడ నాకు చెప్పకుండానే కొత్త మిషన్లోకి మార్చి పెట్టింది. ఒకటి తెరిచాను. ఒక్కో బటన్ వెతుక్కుంటూ పెళ్ళికూతురి పేరు దాకా వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఒకప్పుడైతే ఆపాటికి ప్రూఫు చేతికిచ్చేవాణ్ణి. మెడ మీద చెమట కారుతోంది. తాతగారి పేరు కూడా కొట్టేసి, హమ్మయ్య అని తలెత్తి చూశాను.

ఆ పేరు ముందు పాత కార్డులోని ‘కీ.శే.’ అలాగే ఉంది. ఎప్పుడో పోయిన ఎవరి తాతకో పెట్టిన కీర్తిశేషులు, నా పక్కన స్టూలు మీద కూర్చున్న ఈయనకు తగులుకుంది.

పెద్దాయన అప్పటికే కళ్ళజోడు సర్దుకుని చదివేశాడు. కంగారులో చెరపబోయి ఇంకేదో నొక్కాను. ‘కీ.శే.’ పోలేదు సరికదా, లావుగా, నల్లగా అయింది. పక్కావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓనరు గొంతు సవరించుకున్నాడు. ఇక నా కుర్చీ పోయిందనుకున్నాను.

“ఫికర్ చెయ్యకు బిడ్డా” అన్నాడు పెద్దాయన. “మెల్లగ తీసెయ్. నేనైతే ఇంకా ఈడనే ఉన్న.”

ఓనరు పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ, ఫోన్ జేబులో పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

“మెల్లగనే కానియ్యన్నా. నువ్వు గూడ ఈడనే ఉండు.”